మూటలు గట్టిన సైకిల్

మా మనుమరాలు బ్లెస్సీ మొన్న రైలు దిగుతుంటే దాని భుజం మీద నల్లటి సంచి ఒకటి ఉంది. దాదాపు మనిషంత సంచి. పిల్లను ఇంటికి తీసుకుపోదామని నేను ఆటో మాట్లాడుకొని భద్రాచలం రోడ్ స్టేషన్‌కు వచ్చిన. "ఏందే అది, కీబోర్డా? చర్చిల వాయిస్తున్నవా?" అని అడిగిన. నాకు నిజంగనే సంతోషమైంది, ఎందుకంటే ఆ పిల్ల చర్చి గడప తొక్కక ఎన్నాళ్ళయిందో దానికీ దేవునికీ తెలవాలె. "సైకిల్ అమ్మమ్మా," అన్నది. సంచి జిప్పు కొంచెం తీసి చూపించింది. రెండు చక్రాలు పక్కపక్కన, వాటి నడుమ ఫ్రేము, గుడ్డలో చుట్టిన పెడళ్ళు, ఇంకో చిన్న సంచిలో గొలుసు. హైదరాబాదులో విప్పి సీటు కింద పెట్టుకొని వచ్చిందట. ఇక్కడ బిగించుకొని మర్నాడు పొద్దున అడవిలోంచి, స్టేషన్‌కు పేరే గని చాన దూరమున్న భద్రాచలం దాక ఒక్కతే తొక్కుకుంట పోతదట. "బస్సులు బందు పెట్టిన్రా?" అన్న. అది నవ్వింది. ఆటో పిల్లగాడూ నవ్విండు.

నేను నవ్వలే. నా కండ్లు విప్పిన ఆ చక్రాల మీదనే ఉన్నయి. ఆటోలో ఆ సంచిని మా ఇద్దరి ఒళ్ళోన అడ్డంగ పెట్టుకొని కూర్చున్నం. దాని మీద చెయ్యి వేస్తే గుడ్డ సందుల్లోంచి చువ్వలు తగిలినయి. అట్ల విప్పి రైల్లో మోసుకొచ్చిన సైకిల్‌ను నేను జన్మలో ఇంకొక్కటే చూసిన. అది నాది.

మాది తల్లాడ పక్కన చిన్న పల్లె. మా నాయిన దేవదానం చర్చి ఉపదేశి. పాస్టరుగారు ఎప్పుడో పండుగకు వచ్చిపోయేటోడు, మిగిలిన ఆదివారాలన్నీ నాయినవే. చుట్టుపక్కల పల్లెలు సైకిల్ మీద తిరిగి ఆరాధన చెప్పి వచ్చేటోడు. శనివారం సాయంత్రం వాకిట్లో సైకిల్‌ను తలకిందులు చేసి నిలబెట్టేటోడు. కిరసనాయిల్‌లో కోడి ఈక ముంచి గొలుసుకు లింకు లింకుకూ రాసేటోడు. అప్పుడే అమ్మ వాకిట్లో మిరపకాయలు తిరగేస్తుండేది. ఆ ఘాటు, ఈ కిరసనాయిలు వాసన కలిసి మాకందరికీ తుమ్ములు. ఇప్పటికీ ఎక్కడన్న ఎండుమిరపకాయలు ఆరబోస్తే నాకు తెల్లారితే ఆదివారం అన్నట్టే అనిపిస్తది.

మా నాయనమ్మ పేరు ఎస్తేరమ్మ. ఆమెకు చదువు రాదు, కానీ సంచిలో బైబిల్ లేకుండ గడప దాటేది కాదు. దారిలో చదువొచ్చినోళ్ళు ఎవరు దొరికినా ఆపి, ఒక అధ్యాయం చదివించుకొని గని వదిలేది కాదు. ఆమె కొంగుకు ఎప్పుడూ ఏదో ఒక ముడి ఉండేది. ఒకరోజు వక్కపలుకు, ఒకరోజు చర్చి కానుక, ఒకరోజు మాకోసం దాచిన బెల్లం ముక్క. పొద్దున కోడి కూసినప్పుడొకసారి, సందెదీపం పెట్టినంక ఒకసారి గింజల గుమ్మి పక్కన మోకరించి ప్రార్థన చేసేది. మా ఇంటి నేల గరుకు. అందుకని కొంగును మడత పెట్టి మోకాళ్ళ కింద వేసుకునేది. ఆమె ప్రార్థనలో మా అందరి పేర్లూ వరుసగ వచ్చేవి. చివరికి మా తాత పేరు. ఆయన ఎన్నడో వెదురు నరికే పనికి కిన్నెరసాని అవతలి అడవికి పోయిండు, అక్కడ చలిజరం వచ్చి చనిపోయిండు. మనిషిని తేలేదు, కబురే తెచ్చిన్రు. అందుకే మా ఇంట్లో అడవి మాట ఎవరన్నా ఎత్తితే ఆమె లేచి పెరట్లోకి పోయేది.

నాకు ఉద్యోగం వచ్చింది ఆ అడవిలోనే. మిషను దవాఖానాలో నర్సు పని నేర్చుకున్న, సర్కారు సబ్ సెంటర్‌లో తాత్కాలికపు పోస్టు దొరికింది. సెంటర్ కింద కోయ గూడేలు దూరం దూరంగ ఉన్నయి, బస్సు పోదు, జీపు దారి లేదు. నాకన్నా ముందు పోయిన నర్సమ్మ నడవలేక తిరిగి వచ్చేసింది. అందుకని పై డాక్టరు సారు ఖచ్చితంగ చెప్పి పంపిండు: సైకిల్ ఉండాలె, తొక్కుడు వచ్చి ఉండాలె, లేకుంటే ఆ పోస్టు వేరేవాళ్ళకు పోతది. మా ఇంట్లో నెలజీతం అనేది అప్పటిదాక ఎవరూ చూడలే. అంతకంటే, నాకు పోవాలని ఉంది. ఎవరో పెళ్ళిచూపులకు వచ్చేదాక గుమ్మి పక్కన కూర్చోవుడు నాతోటి కాదు.

సైకిల్ మిషను దవాఖానా కట్టెల కొట్టంలో దొరికింది. ఎప్పటిదో విలాయతీ లేడీస్ సైకిల్, ఆకుపచ్చది, దొరసాని నర్సు ఒకామె వదిలిపోయింది. అక్కడి పెద్ద నర్సు మేట్రనమ్మ దాన్ని నాకిచ్చింది. నాయిన తుప్పు గీకి, నూనె పట్టించి, కోసిన జొన్నచేలో నన్ను దాని మీద ఎక్కించి వెనక క్యారియర్ పట్టుకొని ఉరికిండు. పడ్డ, లేచిన, మళ్ళా పడ్డ. గట్టు మీద కూర్చొని నాయనమ్మ చూసేది. నేను పడ్డప్పుడల్లా ఆమె ముఖంలో ఒక చిన్న ఆశ కనిపించేది. అది అప్పుడు నాకు అర్థం కాలే. నేను పడకుండ చేను చివరిదాక పోయి మళ్ళి వచ్చిన రోజు ఆమె అన్నం సరిగ్గ తినలే.

విప్పని సైకిల్‌ను బ్రేకు వ్యానులో, అదే రైలు సామాన్ల పెట్టెలో వేస్తే జంక్షన్‌లో దించాలె, ఇంకో రైలుకు ఎక్కించాలె. అది నాతోపాటే చేరుతదో, తర్వాత ఎప్పుడు చేరుతదో అని నాయిన భయం. పోయిన రోజే సైకిల్‌తోటి కనిపించాలె గదా. అందుకని విప్పిండు. వాకిట్లో బొంత పరిచి దాని మీద చక్రాలు, హేండిలు, సీటు, పెడళ్ళ కాడలు, మడ్‌గార్డులు ఒక్కొక్కటి పెట్టుకుంట పోయిండు. అమ్మ పాత చీర చింపి మూటలు గట్టింది. చక్రాల మూట నాయినకు, ఫ్రేము నాకు, హేండిలు సీటు కలిపి ఇంకో మూట. నట్లు, బోల్టులు, పిన్నులు అమ్మ చిన్న గుడ్డలో కట్టి నాయనమ్మ బైబిల్ సంచిలో వేసింది. ఎందుకంటే నాయనమ్మ కూడ వస్తానన్నది. "పిల్లను ఎక్కడ వదిలిపెడుతున్నవో నా కండ్లతోటి చూడాలె," అన్నది నాయినతోటి. ఆయన వద్దనలేకపోయిండు. బయలెల్లేముందు అందరం మూటల చుట్టూ నిలబడి ప్రార్థన చేసినం. ప్రార్థనలో నాయిన "ఈ వాహనమును" అన్నప్పుడు మా తమ్ముడు కిసుక్కున నవ్విండు. అమ్మ వాని నెత్తి మీద ఒకటి వేసింది.

ఖమ్మంలో రైలెక్కినం, డోర్నకల్లులో మారినం. రెండో రైల్లో జనం పలచగ ఉన్నరు. అమ్మ కట్టిన సద్ది విప్పినం. జొన్నరొట్టెలు, కోడిగుడ్డు పొరటు, చింతకాయ తొక్కు. ఎదుటి సీటోళ్ళకూ పెట్టినం, వాళ్ళు మాకు మొక్కజొన్న కంకులిచ్చిన్రు. అప్పుడు టీసీ వచ్చిండు. మూటల్ని చూసి, "ఏంది పెద్దాయనా, ఇల్లు ఖాళీ చేసి పోతున్నరా?" అన్నడు.

"సైకిల్ సార్. లగేజీ టికెట్ తీసుకున్న," అని నాయిన జేబులోంచి టికెట్ తీసి చూపించిండు.

"సైకిల్ ఏది?"

నాయిన ఒక్కొక్క మూటనూ చేత్తో చూపించుకుంట వచ్చిండు. టీసీ నడుం మీద చేతులు పెట్టుకొని చూసిండు. "దీన్ని సైకిల్ అంటరా?"

"ఇప్పుడు గాదు సారూ," అన్నది నాయనమ్మ రొట్టె నములుకుంట. "దిగినంక అయితది."

బోగీలో అందరూ నవ్విన్రు. "మరి ఆ చేతిసంచిల ఏముంది అవ్వా?" అన్నడు టీసీ. "బైబిల్, నట్లు," అన్నది. టీసీ కూడ నవ్వాపుకోలేక మూటలు దాటుకొని పోయిండు. పెద్దగ నవ్వింది నేనే. నాయనమ్మ నా తోడుగ ఉన్నదని, ఇంక ఒప్పుకున్నదని నాకు ఆ నిమిషాన నమ్మకం కుదిరింది.

ఈ భద్రాచలం రోడ్ స్టేషన్‌లోనే రైలు దిగి, పాల్వంచ దాటి, బస్సు ఆగిన కాడ దిగి నడిచి, సబ్ సెంటర్ చేరేసరికి పొద్దు వాలుతున్నది. సెంటర్ అంటే రెండు అర్రల పెంకుటిల్లు. పక్క గుడిసెలో ముత్తమ్మ అని కోయామె ఉండేది. కాన్పులకు పోయేది, నాకు తోడుండమని ఆమెకు చెప్పి పెట్టిన్రు. అరుగు మీద మూటలు విప్పి నాయిన సైకిల్ బిగించుడు మొదలుపెట్టిండు. ముత్తమ్మ పిల్లలు చుట్టూ మూగి, ఒక్కొక్క ముక్క సైకిల్‌లో కలుస్తుంటే వాళ్ళ భాషలో ఏందో అనుకుంట సంబురపడ్డరు. అన్నీ కలిసినయి. ఒక్క పిన్ను తక్కువ.

కాటరు పిన్ను అంటరు దాన్ని. చిటికెన వేలంత ఉంటది, పెడలు కాడను ఇరుసుకు పట్టి ఉంచుతది. గొలుసు పక్కది లేదు. అది లేకుంటే కాలు తిరుగుతది గని చక్రం తిరగదు. గుడ్డ దులిపినం, సంచి బోర్లించినం, బైబిల్ పుటలు కూడ విదిలించినం. "రైల్ల పడ్డదేమో," అన్నది నాయనమ్మ. మర్నాడు నాయిన పాల్వంచ పోయి సైకిల్ దుకాణాలన్నీ తిరిగి వచ్చిండు. విలాయతీ సైకిల్, ఇక్కడి పిన్నులు దాంట్లో కూర్చోలే. చివరికి చండ్రకర్ర తెచ్చి కత్తితో చెక్కి కొయ్య పిన్ను కొట్టిండు. "నేను ఖమ్మంల ఎతుకుత. అప్పటిదాక మెల్లగ తొక్కు," అని చెప్పిండు. తెల్లారితే ఆదివారం, ఆయన పోవాలె. పోయేటప్పుడు నాయనమ్మ నన్ను పట్టుకొని, "ఇది పని చెయ్యకుంటే ఇంటికొచ్చెయ్ బిడ్డా, సిగ్గుపడకు," అన్నది. నా మీద ప్రేమతోటి అన్నదనుకున్న. అది ప్రేమే.

కొయ్య పిన్ను మొదటి ఎత్తుకే నలిగిపోయింది. సైకిల్‌ను నెట్టుకుంట గూడేలు తిరిగిన. మందుల పెట్టె క్యారియర్‌కు కట్టి, చీర బురదలో ఈడ్చుకుంట, వాగు కాడ సైకిల్‌ను నెత్తికెత్తుకొని. ముత్తమ్మ చూసి, "ఇదెందుకు నీకు? మేకను తోలుకపోయినట్టు తోలుకపోతున్నవ్," అన్నది. డాక్టరు సారు కబురు పంపిండు, సంత రోజు వస్తానని, నాతోపాటు సైకిల్ మీదనే గూడేలు చూస్తానని. నెట్టుకుంట వస్తే చూసి ఏమంటడో నాకు తెలుసు. సంత ఇంకొక్కరోజుంది అనంగ వాన పట్టుకుంది. అరుగు మీద కూర్చొని ఇంటికి పోతే ఎట్లుంటదో ఊహించుకున్న. అమ్మ ఏమనదు. నాయిన అసలేమనడు. అదే నాకు ఎక్కువ బాధ.

అప్పుడే వానలో ఎవరో వస్తున్నరు. తాటాకు గొడుగు పట్టి ముత్తమ్మ ఒక ముసలామెను చెయ్యి పట్టుకొని తీసుకొస్తున్నది. నడుం దాక తడిసి, చంకలో బైబిల్ సంచి. నాయనమ్మ. ఒక్కతే. జన్మలో ఒక్కసారి వచ్చిన దారి, జంక్షన్‌లో ఏ రైలెక్కాలో మనిషి మనిషినీ అడుక్కుంట, వాగు కాడ గూడెపోళ్ళు చేతులు పట్టి దాటిస్తే దాటి వచ్చింది. తల తుడుచుకోమంటే తుడుచుకోలే. నీళ్ళిస్తే తాగలే. కొంగుముడి పండ్లతో పట్టి విప్పి, పిన్ను తీసి నా చేతుల పెట్టింది.

"నేనే దాచిన," అన్నది.

నాకు కాసేపు అర్థం కాలే. అర్థమయ్యేసరికి కోపం ఆగలే. "నా బతుకు ఆపుదామనుకున్నవా?" అన్న.

"అవ్," అన్నది. దాచలే, తడుముకోలే. "నీ తాత పోతుంటే నా చేతుల ఏం లేకుండె దాచనీకె. నీదన్న దొరికింది గదా అనుకున్న."

ఆమె ఇంకా చెప్పింది. "ప్రార్థనకు మోకరిస్త. కొంగు కింద వేసుకుంట గదా, గిదొచ్చి మోకాలుకు పొడుస్తది. పక్కకు జరుపుత, రెండో మోకాలుకు పొడుస్తది. నీ పేరొచ్చినప్పుడే పొడుస్తది. గట్ల పొడుస్తుంటే నేను దేవునికి ఏమని చెప్పాలె, పిల్లను సల్లగ చూడమని ఏ నోటితోటి అడగాలె?" అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చిన. కోపం పోలే, కోపంతోటే ఆమెను పట్టుకొని ఏడ్చిన. ముత్తమ్మకు మా గొడవ ఏం అర్థమైందో గని, రోకలి తెచ్చి ఇచ్చింది. దానితోటే పిన్ను కొట్టినం.

మర్నాడు వాన తెరిపిచ్చింది. డాక్టరు సారు ముందు నేను తొక్కుకుంట పోయిన. గతుకుల్లో, బురదలో, దుంగల మీద. ఆయన వెనక రొప్పుకుంట వచ్చిండు, తప్పు ఒక్కటీ పట్టలే. అంటే నా ఉద్యోగం నిలిచినట్టే. తిరిగి వచ్చేసరికి నాయనమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. నలిగిపోయిన కొయ్య పిన్ను దొరికితే ఒళ్ళో పెట్టుకొని చూస్తున్నది. "ఇది నాకియ్యి," అన్నది. "పనికిరాదు గదా నాయనమ్మా." "నాకు పనికొస్తది," అని కొంగుకు ముడేసుకుంది.

ఆమె ఎన్నో ఏండ్లు బతికింది. నేను ఆ అడవిలోనే పర్మనెంటైన, ఆ సైకిల్ చక్రాలు అరిగిపోయేదాక తొక్కిన. ఆమె పోయిన రోజు స్నానం చేయిస్తుంటే అమ్మ కొంగుముడి విప్పింది, కొయ్య పిన్ను పడ్డది. మోకాళ్ళ కింద నలిగి నలిగి నల్లగ, నున్నగ అయింది. అమ్మకు అదేందో తెలవదు, నాకిచ్చింది. నా యాదికి దాచుకుందనుకున్న. అంతే అనుకున్న, మొన్నటిదాక.

బ్లెస్సీ వరండాలో సైకిల్ బిగించుకుంటుంటే పక్కన కుర్చీలో కూర్చున్న. నాకు ఆ రోజులే మంచియని చెప్పే అలవాటు లేదు. ఆ రోజుల్లో చలిజరం గూడేలకు గూడేలను పడగొట్టేది, నా చేతుల్లో పోయిన పిల్లల ముఖాలు నాకింకా గుర్తున్నయి. ఇప్పుడు ఆ దారి తారు రోడ్డు, ముత్తమ్మ మనుమడు దాని మీద మోటారు సైకిల్ నడుపుతడు. మంచిదే. కానీ మా సైకిల్ మూటలను చూసి బోగీ అంతా మాతోటి మాట్లాడింది, ఇంత పెద్ద సంచిని చూసి బ్లెస్సీని ఏందని అడిగినోళ్ళు ఒక్కరు లేరట. అందరూ ఫోన్లు చూసుకుంటున్నరట. నేను బతుకుదెరువుకు తొక్కిన దారిని ఈ పిల్ల సరదాకు తొక్కుతది. కొంచెం కుళ్ళు కూడ పుట్టింది నాకు, ఎందుకు దాచుకోవాలె.

చివరికి గొలుసు కలపాలె. రెండు కొసలను పట్టే చిన్న కొక్కెం ఒకటి ఉంటదట, గోరంత. అది దొర్లి నా కాలి కాడికొచ్చింది. వంగి తీసిన. "అమ్మమ్మా, చిన్న లింకు ఒకటి కనిపించిందా?" అని బ్లెస్సీ నేలంతా తడుముకుంట వెతుకుతున్నది. నా పిడికిలి మూసే ఉంది. లారీలు, మలుపులు, ఒక్కతే ఆడపిల్ల. దేవుని ముందు చెప్తున్న, ఆ నిమిషంలో నేను మా నాయనమ్మ ఎస్తేరమ్మనే.

"పోనీలే, ఇంకో రెండు తెచ్చుకున్న," అని బ్లెస్సీ సంచిలోంచి కొత్తది తీసి టక్కున కలిపేసింది.

నేను పిడికిలి తెరిచి చూపించిన. అది నవ్వింది. "నీ దగ్గరే ఉంచుకో అమ్మమ్మా, పాతదే." నేను దాన్ని కొంగుకు ముడేసుకున్న. ఇప్పటి పిల్లలను ఆపనీకె మనం దాచేది ఏం లేదు. వాళ్ళ సంచుల్లో అన్నిటికీ ఇంకోటి ఉంటది.

పొద్దున పోయింది. సందు మలుపు తిరిగేదాక నిలబడి చూసిన, వెనక్కి తిరగకుండ చెయ్యి ఊపింది. ఆ సాయంత్రం దీపాలు పెట్టినంక ప్రార్థనకు కూర్చున్న. మోకరించొద్దని డాక్టరు చెప్పి చాన్నాళ్ళయింది, కుర్చీలోనే చేసుకుంట. ఆ రోజు కుర్చీ పక్కకు జరిపి, గోడ పట్టుకొని దిగి, కొంగు మడత పెట్టి మోకాళ్ళ కింద వేసుకున్న. పిల్లల పేర్లు ఒక్కొక్కటి చెప్పుకుంట వచ్చిన. బ్లెస్సీ పేరు కాడికి వచ్చేసరికి ముడి కుడి మోకాలుకు పొడిచింది. జరుపుదామని చెయ్యి పోయింది. జరపలే. నాయనమ్మ ఆ కొయ్య ముక్కను ఎందుకు అడిగి తీసుకుందో అప్పుడు తెలిసింది. మోకాలును ఇంకొంచెం దాని మీదికి ఒత్తి, పిల్ల పేరు మళ్ళొకసారి చెప్పిన.